అంబుబాయి బొమ్మరిల్లు

హేబ్సిబా చెయ్యి పడితే ఎముక వంకర అతకదని బీదర్ మంగళ్‌పేటలో ఒక పేరుంది. ఆమె డాక్టర్ కాదు, నర్సు కూడా కాదు. మిషన్ ఆసుపత్రి ప్లాస్టర్ గదిలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసిన ఆయమ్మ. డాక్టర్లు వచ్చేవాళ్ళు, బదిలీ మీద పోయేవాళ్ళు. కొత్తగా వచ్చిన ప్రతి డాక్టరూ మొదటి నెలలోనే ఒక సంగతి తెలుసుకునేవాడు. ఎముకను సరిచేసి పట్టుకోవడం వరకే తన పని, కట్టు మాత్రం హేబ్సిబాకు వదిలేస్తే అందరికీ మంచిదని. దూది ఎన్ని వరసలు చుట్టాలో, తడిపిన పట్టీని ఎంత పిండాలో, చిన్నపిల్లల కాలైతే మడమ దగ్గర ఎంత సందు వదలాలో ఆమె వేళ్ళకే తెలుసు. కట్టు విప్పేరోజు పెద్ద కత్తెర చూసి బెదిరే పిల్లలను మాటల్లో పెట్టేది. ఇంట్లో మేకలెన్ని, వాటి పేర్లేమిటి అని అడుగుతూ అడుగుతూ మూడో మేక పేరు చెప్పేలోపు కట్టు తీసి పక్కన పెట్టేది.

రిటైరయ్యాక ఆ చేతులకు పనిలేకుండా పోయింది. భర్త ఏసురాజు పొద్దున్నే స్కూలు బస్సు తీసుకొని వెళ్తాడు. కూతురు షైనీ పెళ్ళయి నౌబాద్‌లో ఉంటుంది, ఆదివారం చర్చికి వచ్చినప్పుడు ఇంటికొస్తుంది. జొన్నరొట్టెలు కొట్టి, కూర చేసి, ఇల్లు తుడుచుకుంటే పదింటికల్లా రోజు అయిపోయినట్టుండేది. ఊరుకోలేక పక్కింటివాళ్ళ విరిగిన గొడుగులు, చెవి ఊడిన కప్పులు, కాడ విరిగిన కళ్ళజోళ్ళు అడిగి తెచ్చుకొని బాగుచేసేది. ఏసురాజు నవ్వేవాడు, దవాఖాన ఇడిసినా ఇంట్ల ఓపీ నడుస్తనే ఉన్నదని.

మొన్నటి సంవత్సరం వానాకాలంలో ఒకరోజు ఆ ఇంటి ముందు ఆటో ఆగింది. అందులోంచి జయమాల దిగింది. ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల హోల్‌సేల్ వ్యాపారం చేసే గోపాల్‌రావు భార్య. ఆయన పోయి ఐదేళ్ళయింది, దుకాణం కొడుకు వికాస్ చూసుకుంటున్నాడు. జయమాలకు అరవై ఏడేళ్ళు. అంతకు రెండేళ్ళ ముందు మేడమెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ కట్టు కట్టింది హేబ్సిబానే. ఆటోవాడూ జయమాలా కలిసి దుప్పటి చుట్టిన పెద్ద మూటొకటి పట్టుకొచ్చి వరండాలో దించారు.

దుప్పటి విప్పితే ఒక ఇల్లు. నడుమెత్తు ఉంది. వాలుకప్పు, రెండు పొగగొట్టాలు, పైన రెండు గదులు, కింద రెండు. ముందుగోడ బీరువా తలుపుల్లా రెండు రెక్కలుగా తెరుచుకుంటుంది. లోపల వేలెడు మంచాలు, గోరంత పళ్ళాలు, గోడలకు పూల కాగితాలు. కానీ దాని స్థితి చూస్తే జాలేస్తుంది. అడుగుచెక్కను కుడివైపంతా చెదలు తినేశాయి. కప్పు నీళ్ళు తాగి ఉబ్బింది. మెట్లు ఊడి ఒక మూలకు పడున్నాయి. ఒక పొగగొట్టం పక్కకు ఒరిగింది. వీధితలుపు ఉండాల్సిన చోట ఉత్త సందు ఉంది.

అది జయమాల తల్లి అంబుబాయిది. అంబుబాయికి ఏడేళ్ళప్పుడు ఏదో పెద్ద జబ్బు చేసి మిషన్ ఆసుపత్రిలో నాలుగు నెలలు ఉంచారట. అప్పుడక్కడ ఉన్న తెల్ల డాక్టరమ్మ, తాను చిన్నప్పుడు ఆడుకున్న ఈ బొమ్మరిల్లును ఓడ మీద తెచ్చుకుందట. పిల్ల ఇంటికి వెళ్ళేరోజు దాన్ని ఆమె చేతికే ఇచ్చేసిందట. అంతకుమించి అంబుబాయి ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆమె పోయాక జయమాల ఇంటికొచ్చి, ఏళ్ళ తరబడి మేడమీద గదిలో ఉన్నది. మొన్నటి వానలకు ఆ గది గోడ నెమ్ము పట్టి, చెద లేచి, ఇదిగో ఇలా అయింది.

"నా చెయ్యి అతికించినవు. ఇది గూడ అతికియ్యి, హేబ్సిబమ్మ" అన్నది జయమాల.

తాను మనుషులకు కట్లు కట్టినదే గాని కట్టెపని తెలియదని హేబ్సిబా చెప్పింది. జయమాల వినలేదు. గంజ్‌లో ఇద్దరు వడ్రంగులకు చూపించిందట. ఇద్దరూ ఒకే మాట అన్నారట, ఇది పారేయమని, ప్లైవుడ్‌తో అచ్చం ఇట్లాంటిదే కొత్తది చేసిస్తామని.

"కొత్తదాంట్ల మా అమ్మ ఎక్కడుంటది?" అని జయమాల మెల్లగా అడిగింది.

ఆ మాటకు హేబ్సిబా సరే, పెట్టి పొమ్మంది.

మొదటి నాలుగు రోజులు ఆమె ఆ ఇంటిని ముట్టలేదు. చూసింది, అంతే. ప్లాస్టర్ గదిలో అలవాటు అది. వచ్చిన మనిషిని ముందు కూర్చోబెట్టి, ఏ చెయ్యి ఎలా పట్టుకున్నాడు, ఎక్కడ వాపు ఉంది, ముట్టకుండానే ఎంత తెలుస్తుంది అని చూసేది. ఇప్పుడూ అలాగే వరండాలో కిటికీ పక్కన బల్ల వేసి, దాని మీద ఇంటిని పెట్టి, చుట్టూ తిరిగి చూసింది. ఏ గదిలో ఏది ఎక్కడుందో షైనీ వదిలేసిపోయిన పాత నోటుబుక్కులో గీసుకుంది. ఊడిన ప్రతి ముక్కకూ కాగితం చీటీ కట్టి, ఎక్కడిదో రాసి, రొట్టెల డబ్బాలో పెట్టింది.

ఐదోరోజు వీధి చివరి జీవరాజ్‌ను పిలిచింది. ఎనభై దాటిన ముసలి వడ్రంగి. ఉలి పట్టడం మానేసి చాలా ఏళ్ళయింది గాని, కట్టెను వేలితో కొట్టి, ఆ చప్పుడు విని దాని సంగతి చెప్పగలడు. ఆయన ఇంటి నాలుగు పక్కలా కొట్టి చూశాడు. పైకట్టె గట్టిగానే ఉందని, చెడింది అడుగు మాత్రమేనని తేల్చాడు. చెదతిన్న చెక్క మొత్తం కోసి తీసెయ్యకు, బాగున్నంత మేర ఉంచి పోయినచోటే కొత్త ముక్క వెయ్యి అన్నాడు. అన్నిటికన్నా ముఖ్యమైన మాట వెళ్ళబోతూ చెప్పాడు. హేబ్సిబా బల్ల మీద తెల్లగమ్ము సీసా కనబడింది ఆయనకు.

"దాన్ని దూరం పెట్టు బిడ్డా. ఇది సరేసుతోని అతికిన ఇల్లు. సరేసుతోనే అతుకు. వేడినీళ్ళ గుడ్డ పెడితే సరేసు ఇడిసిపెడ్తది. గీ గమ్ము ఇడవది. రేపు ఎవలన్న మళ్ల ఇప్పాలంటే, ఇప్పరావాలె గద."

హేబ్సిబాకు ఆ మాట ఎవరూ విడమర్చి చెప్పనక్కరలేకపోయింది. విప్పరాని కట్టు కట్టేవాడికి ప్లాస్టర్ గదిలో చోటుండేది కాదు. ఆరోజే చౌబారా దగ్గర పాత సామాన్ల దుకాణానికి వెళ్ళి, పశువుల తోలు ఉడికించి చేసే ఆ సరేసు జిగురు గడ్డలు తెచ్చింది. నానబెట్టి, గిన్నెలో నీళ్ళుపోసి ఆ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కాచింది. ఇల్లంతా తోలు కంపు కొట్టింది. ఏసురాజు ముక్కుకు తువ్వాలు కట్టుకొని అన్నం తిన్నాడు.

పని నెమ్మదిగా సాగింది. ఆసుపత్రిలో తుప్పుపట్టాయని తీసేసిన చిన్న పట్టకార్లు, కత్తెరలు, చెక్క చంచాలు ఆమె దగ్గర ఒక సంచిలో ఉన్నాయి. అవే పనిముట్లయ్యాయి. షైనీ వదిలేసిపోయిన పౌడరు బ్రష్‌తో గోడకాగితాల దుమ్ము దులిపింది. ఒరిగిన పొగగొట్టాన్ని నిలబెట్టి, సరేసు ఆరేదాకా రెండువైపులా అట్టముక్కలు ఆనించి, విరిగిన వేలికి కట్టినట్టు కట్టుగుడ్డ చుట్టింది. ఎయిర్‌ఫోర్స్ శిక్షణ విమానాలు నెత్తిమీంచి పోతే కిటికీ రెక్కలు అదిరేవి. ఆ చప్పుడు దూరమయ్యేదాకా చెయ్యి పైకెత్తి పట్టుకొని, మళ్ళీ మొదలుపెట్టేది. చెదతిన్న మూల తొలగించి జీవరాజ్ ఇచ్చిన పాత టేకుముక్క అతికింది. దానికి రంగు వెయ్యలేదు. కొత్తది కొత్తదిలాగే కనపడనీ అనుకుంది.

రెండో వారం జయమాల కోడలు సోనాలి చూడటానికి వచ్చింది. కూడా ఏడేళ్ళ కూతురు నేహా. సోనాలిది ఉద్గీర్. ఇంట్లో మరాఠీ, బడిలో మరాఠీ. పెళ్ళయి బీదర్ వచ్చాక నేర్చుకున్న తెలుగు జాగ్రత్తగా, ఒక్కో మాట వెతికి మాట్లాడుతుంది. మంచి మనసున్న పిల్ల. దీపావళికల్లా ఇల్లు తయారైతే, గులాబీరంగు వేయించి లోపల చిన్న లైట్లు పెట్టించి నేహాకు ఇవ్వాలని ఆమె ఆశ. హేబ్సిబా ఇంటి రెక్కలు రెండూ తెరిచి చూపించింది.

నేహా చేతులు వెనక్కి కట్టుకొని ఇంటిలోకి తొంగిచూస్తోంది. ముట్టుకోవద్దని తల్లి చెప్పి తెచ్చినట్టుంది. సోనాలి పైన నీలంపూల గదిలో మంచం మీదున్న బొమ్మను తీసింది. పింగాణీ తల, గుడ్డ ఒళ్ళు, వేలంత పొడుగు. ఆ బొమ్మకు నడుము నుంచి కిందికి తెల్లగా, గట్టిగా ఏదో పేరుకుపోయి ఉంది.

"ఇది సున్నం పడింది. గీకి తియ్యాలి ఆంటీ. బొమ్మ బాగుంటుంది" అంది సోనాలి.

బొమ్మను అందుకొని హేబ్సిబా కిటికీ దగ్గరికి వెళ్ళింది. అప్పటిదాకా ఆమె కూడా అది నెమ్ముకు రాలిన సున్నమనే అనుకుంది. గోడలన్నీ అయ్యాక చూద్దామని వదిలేసింది. ఇప్పుడు చేతిలోకి తీసుకోగానే వేళ్ళు ఆగిపోయాయి. అది పేరుకున్న సున్నం కాదు. చుట్టినది. పట్టీ మీద పట్టీ వరసగా పడిన అంచులు వేలికి తగులుతున్నాయి. నడుము చుట్టూ తిరిగి, కుడికాలు పాదం దాకా, ఎడమకాలు మోకాలు దాకా ఉంది. రెండు కాళ్ళ మధ్య అగ్గిపుల్లంత పుల్ల అడ్డంగా పెట్టి, దాన్ని కూడా కట్టులో కలిపి చుట్టారు.

తుంటి ఎముక కదలకుండా పిల్లలకు వేసే పెద్ద కట్టు అది. కాళ్ళ మధ్య ఆ పుల్ల పెట్టకపోతే పిల్లను ఎత్తి దించేటప్పుడు కట్టు తొడ దగ్గర పగులుతుంది. బొమ్మలు చేసేవాళ్ళకు ఆ సంగతి తెలియదు. ప్లాస్టర్ గదిలో చేతులు తడిపినవాళ్ళకే తెలుస్తుంది.

హేబ్సిబా బొమ్మను తిరిగి దాని మంచం మీద పడుకోబెట్టింది. తర్వాత సోనాలిని కూర్చోబెట్టి, ఇది గీకేది కాదని, మీ అత్తమ్మను ఒకసారి రమ్మనమని చెప్పింది.

మరునాడు జయమాల వచ్చింది. హేబ్సిబా బొమ్మను ఆమె అరచేతిలో పెట్టి, ఆ కట్టు ఏమిటో, ఎవరికి వేస్తారో, అలాంటి కట్టులో పిల్ల ఎన్ని నెలలు వెల్లకిలా పడుకోవాలో, పక్కకు తిరగాలన్నా ఇద్దరు పట్టి తిప్పాలని, అన్నీ చెప్పింది. జయమాల వింటూ కూర్చుంది. తల్లి నడకలో కొంచెం కుంటు ఉండేదట. అడిగితే "పడ్డ, లేసిన, అంతే" అనేదట. ఎన్నిసార్లు అడిగినా అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదట. పోయేముందు మంచంలో ఉన్న రోజుల్లో మాత్రం బొమ్మరిల్లు దగ్గరికి తెప్పించుకొని, పైన నీలంపూల గది చూపించి "గిది నాది" అనేదట. మతి తప్పి అంటుందని అందరూ అనుకున్నారు.

"నాలుగు నెలలు" అంది జయమాల. "ఏడేండ్ల పిల్ల. గా బొమ్మకు గూడ కట్టిండ్రా తోడుకు."

హేబ్సిబా మనసులో ఇంకొకటి తిరుగుతోంది. చెప్పాలా వద్దా అని ఆలోచించి, చెప్పింది. కట్టు పై అంచును లోపలి గుడ్డ మీదికి మడిచి, గరుకుగా ఒరుసుకోకుండా నున్నగా అదిమారు. చీర అంచు మడిచి కుట్టినట్టు. ఆమె తన పన్నెండో ఏట ఆ మడత నేర్చుకుంది. నేర్పింది ఆసుపత్రిలో కాదు, ఇంట్లో, ఆమె నానమ్మ బక్కమ్మ. చిమ్కోడ్ నుంచి వచ్చి అదే ఆసుపత్రిలో పిల్లల వార్డులో ఆయాగా చేసింది బక్కమ్మ. అంబుబాయి అక్కడున్న కాలం లెక్కేస్తే బక్కమ్మ పడుచుతనం సరిపోతుంది.

"అట్లని ఆమెనే కట్టిందని చెప్పలేను జయమాలమ్మా. అప్పుడు నలుగురైదుగురు ఆయాలుండిరి. అందరు ఒకలకాడ ఒకలు నేర్చుకున్నోళ్ళే. అబద్ధం చెప్పొద్దు నేను."

జయమాల బొమ్మను తిరిగి ఇచ్చింది. ఆరోజు ఇద్దరూ రెండుసార్లు చాయ్ తాగారు.

ఆ సంతోషమే కొంప ముంచింది. ఆ తర్వాత వారం హేబ్సిబా చేతికి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. మెట్లు నిలబడ్డాయి, కప్పు చదునైంది, మూడు గదుల గోడలు శుభ్రపడ్డాయి. మిగిలింది పైన నీలంపూల గది. మంచం వెనక గోడకు నల్లటి మరక ఉంది. పొడిబ్రష్‌కు పోలేదు. మిగతా గదుల్లో ఎక్కడా నీళ్ళు తగలనివ్వలేదు ఆమె. ఇక్కడ, ఒక్క మరకే కదా అని, కట్టుగుడ్డను గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పిండి రెండుసార్లు అద్దింది. మరక పోలేదు. గుడ్డ మాత్రం నీలమైంది. చెయ్యి తీసి చూస్తే, రెండు బొటనవేళ్ళ మేర గోడ మీద పూలు లేవు. తెల్లకాగితం ఉంది.

ఎనభై ఏళ్ళకు పైగా నిలిచిన పూలు ఆమె చేతిలో ఒక్క క్షణంలో పోయాయి. ఆమె ఆ గుడ్డను అలాగే పట్టుకొని కూర్చుంది. మధ్యాహ్నం రొట్టె తినలేదు. సాయంత్రం ఏసురాజు వచ్చి ఏమైందని అడిగితే చూపించింది. ఆయన కళ్ళజోడు పెట్టుకొని గోడను చూశాడు, భార్య మొహం చూశాడు.

"షైనీ రంగుల డబ్బ ఉన్నది గద. సన్నటి కుంచెతోని పది పూలు గీస్తే అయిపాయె. మంచం ఎనుకది ఎవలు చూస్తరు?" అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు.

హేబ్సిబాకు ఒక్క నిమిషం ఆ మాట నచ్చింది కూడా. కానీ ఆమెకు కుశనూర్ పిల్లవాడు గుర్తొచ్చాడు. చాలా ఏళ్ళ కిందట దూరపు చుట్టాల పిల్లవాడికి, ఆసుపత్రి దాకా ఎందుకని, ఇంటి వరండాలోనే కట్టు విప్పింది. కత్తెర మొన చర్మానికి తగిలింది. చిన్న గీత. పిల్లవాడు ఏడవలేదు. తల్లి చూడలేదు. హేబ్సిబా దూది అద్ది, పైన పట్టీ వేసి, ఏమీ చెప్పకుండా పంపించింది. పదిరోజులకు ఆ గీత చీముపట్టి, పిల్లవాడు జ్వరంతో మళ్ళీ వచ్చాడు. బతికి బట్టకట్టాడు, ఇప్పుడు ట్రాక్టర్ నడుపుతున్నాడు. కానీ ఆ తల్లి "అప్పుడే చెప్పకపోతివా వదినె" అన్న మాట మాత్రం హేబ్సిబా లోపల ఎక్కడో ఉండిపోయింది. దాని తర్వాత తన చేతి తప్పు ఏదైనా ఆలస్యం చెయ్యకుండా చెప్పేది.

మరునాడు పొద్దున ఆటో ఎక్కి గంజ్‌కు వెళ్ళింది. జయమాల పెరుగు చిలుకుతోంది. నిలబడే చెప్పింది హేబ్సిబా, నీలంపూల గదిలో తాను తడిగుడ్డ పెట్టానని, పూలు పోయాయని, తిరిగి రావని. జయమాల చేతిలో కవ్వం ఆగింది. ఏ గది అని మళ్ళీ అడిగింది. చెప్పింది విని, కవ్వం వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. సోనాలి కంగారుపడి చాయ్ ఇస్తానంది. హేబ్సిబా వద్దని వచ్చేసింది.

ఎనిమిది రోజులు జయమాల నుంచి ఫోను లేదు. హేబ్సిబా బల్ల మీద ఇంటికి దుప్పటి కప్పింది. ఆదివారం చర్చిలో పాట పాడుతూ మధ్యలో ఆగిపోయింది. రోజూ ఫోను తీసి జయమాల నంబరు దాకా వెళ్ళేది, మళ్ళీ పెట్టేసేది. ఇల్లు మాత్రం తిరిగి పంపలేదు. పని ఇంకా కొంచెం మిగిలి ఉంది, పంపమని వాళ్ళు అడగలేదు. మధ్యలో విడిచిన కట్టులాగా అది ఆమె కళ్ళముందే ఉంది.

తొమ్మిదోరోజు మబ్బు పట్టిన మధ్యాహ్నం జయమాల వచ్చింది. ఒక్కతే. చెప్పులు విడిచి, బల్ల దగ్గరికి వెళ్ళి, దుప్పటి తీసి, పైగది రెక్క తెరిచి తెల్లబడ్డచోటు చూసింది. చాలాసేపు చూసింది.

"కోపమొచ్చింది" అంది ఇంటివైపే చూస్తూ. "శానా వచ్చింది. మా అమ్మ చెయ్యిపెట్టి చూపించిన గది. ఇగ మాట్లాడొద్దు అనుకున్న."

హేబ్సిబా కుర్చీ తెచ్చి వేసింది. జయమాల కూర్చోలేదు.

"ఎనిమిది దినాలు ఆలోచన చేసిన. ఎంత ఆలోచన చేసినా ఒకటే యాదికొస్తాంది." జయమాల వేలు కిందికి దించి, వీధితలుపు లేని సందులో పెట్టింది. "గీ తలుపు ఊడగొట్టింది నేనే. తొమ్మిదేండ్లు ఉంటుండె నాకు. ముట్టొద్దని చెప్పి అమ్మ దేవుని దర్శనానికి పోయింది. గట్టిగ గుంజిన, ఊడొచ్చింది. పాతబావిల ఏసిన. ఎలుకలు ఎత్తుకపోయినయేమో అన్న. అమ్మ మూడు దినాలు ఎతికింది హేబ్సిబమ్మ. మంచాల కింద, బియ్యం బస్తాల ఎనుక. నేను గూడ ఆమె ఎంట ఎతికిన. చచ్చేదాంక చెప్పలే. నువ్వు తెల్లారంగనే వచ్చి చెప్పినవు."

ఇద్దరిలో ఎవరూ ఏడవలేదు. జయమాల బల్ల ముందు కుర్చీ లాక్కొని కూర్చొని, ఇంకా ఏం పని మిగిలిందని అడిగింది. చదును చేసిన కప్పుకు సన్నమేకులు కొట్టడం మిగిలిందని హేబ్సిబా చెప్పింది. ఆ మేకులు అందిస్తూ జయమాల సాయంత్రం దాకా అక్కడే ఉంది.

తెల్లబడిన చోటును ఏం చెయ్యాలో ఇద్దరూ కలిసే అనుకున్నారు. పూలు గీయొద్దు, అలాగే ఉండనీయమంది జయమాల. మరక పక్కనే తెల్లమచ్చ. తలుపు మాత్రం పెట్టాలని ఆమె పట్టుపట్టింది. జీవరాజ్ చూపించిన కొలతకు అతని మేనల్లుడు టేకుతో ఒక తలుపు చెక్కి ఇచ్చాడు. దానికి కూడా రంగు లేదు. లోపలివైపు హేబ్సిబా పెన్సిలుతో ఆ సంవత్సరం అంకె, కింద మంగళ్‌పేట అని రాసింది. తర్వాత ఎవరైనా చూస్తే ఇది పాతది కాదని తెలియాలి.

దీపావళికి వారం ముందు ఇల్లు గంజ్‌కు చేరింది. గులాబీరంగు వేయించాలన్న ఊసు సోనాలి తిరిగి ఎత్తలేదు. బొమ్మ కథ అత్త చెప్పిన రోజునుంచి ఆమెకే ఆ ఇంటి మీద ఎక్కువ పట్టింపు వచ్చింది. నేలనెమ్ము తగలకుండా హాల్లో ఎత్తుగా బల్ల వేయించి, వికాస్ చేత గాజు పెట్టె చేయిస్తానంది. అక్కడ హేబ్సిబా మొదటిసారి కల్పించుకుంది. గాజులో పెడితే నేహా ఎట్లా ఆడుకుంటుందని అడిగింది.

"ఆడితే పాడైపోదా ఆంటీ?" అంది సోనాలి.

"కొంచెం పాడైతది. ఆడకుంట మేడమీద పెడ్తె చెదలు తినలేదా మరి? మంచంల కట్టుతోని పండుకున్న పిల్ల కోసం ఇచ్చిండ్రు. పిల్లకే ఉండనియ్యండ్రి. విరిగిందనుకో, నేనున్న."

చివరికి కుదిరిన ఒప్పందం ఇది. చేతులు కడుక్కొని, తుడుచుకొని, నానమ్మ పక్కనుండగా ఆడుకోవచ్చు. నీళ్ళు, తినుబండారాలు దగ్గరికి రాకూడదు. ఏదైనా ఊడితే దాచకుండా చెప్పాలి. చెబితే ఎవరూ కోప్పడరు. ఈ చివరి షరతు జయమాల పెట్టింది. పెట్టిన మూడోరోజే నేహా ఒక కుర్చీ కాలు విరగ్గొట్టి, అరచేతిలో పెట్టుకొని తెచ్చి చూపించింది. ఎవరూ కోప్పడలేదు. హేబ్సిబా బుధవారం వచ్చి అతికింది. ఆ తర్వాత ఏమీ విరగకపోయినా బుధవారం రావడం అలవాటైంది.

క్రిస్మస్ సెలవుల తర్వాత ఒకరోజు జయమాల చిమ్కోడ్ పోదామంది. బక్కమ్మ సమాధి అక్కడే ఉందని హేబ్సిబా ఎప్పుడో మాటల్లో చెప్పింది. ఎందుకని అడిగితే ఊరికే అంది. ఏసురాజు తన స్నేహితుడి కారు అడిగి తెచ్చి ఇద్దరినీ తీసుకెళ్ళాడు. కందిచేలు కోతకొచ్చి ఉన్నాయి. ఊరి బయట, చేను గట్టున పదిహేను ఇరవై సమాధులు. బక్కమ్మది ఎర్రరాయి పలక. దాని మీద శిలువ గుర్తు, పేరు, అంతే. చుట్టూ గడ్డి పెరిగింది. హేబ్సిబా కొంగు దోపుకొని గడ్డి పీకింది. జయమాల ఇంటి నుంచి తెచ్చిన చేమంతులు పలక మీద పెట్టింది.

"నేను చెప్పిన గద అమ్మా, కట్టింది ఆమెనో కాదో నాకు తెల్వదని" అంది హేబ్సిబా. మనసులో ఆ భయం ఉండనే ఉంది, ఉత్తపుణ్యానికి తన నానమ్మకు ఈ గౌరవం దక్కుతోందేమోనని.

"తెల్వకుంటే మాయె" అంది జయమాల. "ఎవరో ఒకరు కట్టిండ్రు గద. వాళ్ళ సమాధి నాకు ఏడ దొరుకుతది? ఇది దొరికింది."

హేబ్సిబా పిన్నమ్మ కొడుకింట్లో జొన్నరొట్టె, పుంటికూర, పల్లీకారం పెట్టారు. జయమాల రెండు రొట్టెలు తిని మూడోది సగం అడిగింది. తిరుగుదారిలో ఏసురాజు రేడియో పెట్టబోతే హేబ్సిబా వద్దని సైగ చేసింది. వెనకసీటులో జయమాల కునుకు తీస్తోంది. జనవాడ ఊరు దాటాక ఆమె లేచి, దుప్పటి పట్టుకురాలేదే అని చలికి కొంగు కప్పుకుంది. తర్వాత హేబ్సిబాను ఒకటి అడిగింది. నాలుగు నెలలు కట్టులో ఉన్న పిల్లకు, కట్టు విప్పినాక మొదటి అడుగు వేయడానికి ఎన్నిరోజులు పడుతుందని.

రెండు మూడు వారాలు పడుతుందని చెప్పింది హేబ్సిబా. మొదట మంచం అంచున కూర్చోబెట్టి కాళ్ళు వేలాడదీస్తారని, తర్వాత ఇద్దరు చెరో రెక్క పట్టుకుంటారని, పిల్ల భయపడి ఏడుస్తుందని, ఒకరోజు ఎవరూ చూడనప్పుడు తానే లేచి గోడ పట్టుకొని నిలబడుతుందని, దారిపొడుగునా చెబుతూనే ఉంది. బీదర్ దీపాలు కనబడేదాకా జయమాల ఒక్కటి విడవకుండా అడిగి చెప్పించుకుంది.